ఒక కుర్చీ, ఇద్దరం

కీళ్లవాతంతో ఏడాదిన్నర మంచం పట్టాక మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. ఓడల మీద వచ్చే సరుకుకు కాగితాలు తయారుచేసి విడిపించే చిన్న ఆఫీసు మాది, పోర్టుకు దగ్గర్లోనే. కంప్యూటరు ఇంకా రాని రోజులు. జబ్బు చేయకముందు పద్నాలుగేళ్లు అక్కడ టైపిస్టుని. పొద్దున పదకొండు దాటితే గానీ నా వేళ్లు జాకెట్టు హుక్కు కూడా పెట్టవు కాబట్టి, ఒంటిగంట నుంచి ఐదు వరకు రమ్మన్నారు యజమాని. ఆ నాలుగు గంటలే నాకు ప్రాణం. ఇంట్లో అందరూ "ఎలా ఉంది?" అని అడిగేవాళ్లే. ఆఫీసులో మాత్రం "అయిందా?" అని అడిగేవారు.

వెళ్లిన మొదటిరోజే నా కుర్చీలో ఇంకొకావిడ కూర్చుని ఉంది. కంచరపాలెం నుంచి వస్తుంది, నా ఈడుదే. పొద్దుటిపూటకు కొత్తగా పెట్టుకున్నారట. పని కాస్త నేర్పమన్నారు యజమాని. నాకు అర్థమైపోయింది. నన్ను సాగనంపడానికి నా చేతే మనిషిని తయారుచేయిస్తున్నారు. ఎంత తెలివి!

ఆ రోజు నుంచి నా కళ్లన్నీ ఆవిడ మీదే. నేను వచ్చేసరికి మిషను మీద కవరు తీసేసి ఉంచేది. ఓహో, అప్పుడే తన సొంతమైపోయిందన్నమాట. కాగితం ఎక్కించి పెట్టేది. అంటే నాకు చేతకాదని యజమానికి చూపించడమే కదా! ఓసారి నా సొరుగు కూడా సర్ది ఉంది. ఇంటికెళ్లి మావారి దగ్గర కడుపుమంటంతా కక్కాను. పాపం, సాయం చేస్తోందేమో అన్నారాయన. మగవాళ్లకు ఇలాంటివి ఏం తెలుస్తాయి?

పని నేర్పాను, ఒక్కటి తప్ప. ఒకే ఓడ సరుకుకు రెండు కాగితాలు పెడితే, రెండోదాని మీద మొదటిదాని నంబరు కూడా వేయాలి. లేకపోతే కాగితం వెనక్కొస్తుంది, సరుకు రేవులోనే ఉండిపోతుంది. ఇలాంటి పని అరుదుగా పడేది. ఏ పుస్తకంలోనూ లేదు, చీవాట్లు తిని నేర్చుకున్నాను. ఇదొక్కటి నా దగ్గరుంటే నన్నెవరూ కదపలేరనుకున్నాను. రోజూ వెళ్లేముందు ఆవిడ అడిగేది, "ఇంకేటైనా సెప్పాలా అక్కా?" అని. ఏమీ లేదమ్మా, అన్నీ వచ్చేశాయిగా అనేదాన్ని.

వానాకాలంలో మోకాళ్లు వాచి వారం పడకేశాను. నా పూట కూడా ఆవిడే చేసింది. ఆ వారమే రెండు కాగితాల ఓడ వచ్చింది. నేను తిరిగి వెళ్లేసరికి యజమాని గదిలో తలొంచుకుని నిలబడి ఉంది. నంబరు లేదని కాగితం వెనక్కొచ్చిందట. ఎరువుల బస్తాలు మూడు రోజులు వానకు తడిశాయట.

ఈ సంగతి ఈవిడకు చెప్పలేదా అని యజమాని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది.

"అక్క సెప్పింది సార్. నానే మర్సిపోనాను."

ఎందుకలా అంది? ఇందులో ఏదైనా ఎత్తుందా? ఆ క్షణంలో కూడా అనుమానమే నాకు, చూడండి.

యజమాని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మీరు ఒక పూటే రాగలరు. రెండో పూటకు మనిషి దొరికితేనే మీ ఉద్యోగం నిలుస్తుందని, ఎంతమందిని అడిగి ఈవిడను తెచ్చానో మీకు తెలీదమ్మా. చెప్పినా గుర్తుండకపోతే ఇక నడవదు. రోజంతా చేసే మనిషిని చూసుకుంటాను. ఏమనుకోకండి."

చెప్పలేదని అప్పుడైనా ఒప్పుకుంటే ఆవిడ పని నిలిచేది. బహుశా నాదీ నిలిచేదేమో. ఒప్పుకోలేదు.

ఇద్దరం కలిసే బయటికొచ్చాం. మెట్ల దగ్గర ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా దిగమంది. నేను చెప్పలేదని తెలిసిన మనిషి ఆవిడొక్కతే. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకుంటే పడిపోతాను.