టీచరు గారి వాకిట్లో బురద

ఎండకి కాగిన నల్లరేగడి మీద సాయంత్రం పూట బిందెడు నీళ్లు కుమ్మరిస్తే ఒక వాసన లేస్తుంది. ఇప్పుడు మా వాకిట్లో రోజూ ఆ పని చేసేది నేనే. వీధి పిల్లలు అప్పటికే కాచుకుని ఉంటారు, నీళ్లు ఇంకకముందే అందులోకి దిగిపోతారు. పిల్లల్ని ఇలా ఆడుకోనిస్తున్నానని చుట్టుపక్కల వాళ్లు నన్ను మెచ్చుకుంటారు కూడా. నిజానికి ఆ మెప్పు నాది కాదు, కరుణమ్మ టీచరు గారిది. ఒకప్పుడు ఆవిడ మీద అసూయతో ఉడికిపోయిన దాన్ని కాబట్టి, ఈ వాసన నాకు ఇప్పటికీ పూర్తిగా హాయినివ్వదు.

అప్పట్లో మేం చిలకలూరిపేటలో నూలు మిల్లు వెనక వీధిలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన మిల్లులో పనిచేసేవాడు. నేను మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. పొద్దస్తమానం కాయల గుట్ట ముందు కూర్చుంటే చేతులు భగభగ మండేవి. సబ్బుతో తోమినా, కొబ్బరినూనె రాసినా, మజ్జిగలో ముంచినా ఆ ఘాటు ఓ పట్టాన వదలదు. మా అమ్మాయి చిన్నికి అప్పుడు నాలుగేళ్లు. ఒకరోజు ముచ్చటపడి కాటుక పెట్టబోయి, నా వేలికున్న కారం దాని కంట్లో పెట్టాను. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆనాటి నుంచి నేను చెయ్యి చాపితే చాలు, "అమ్మ చెయ్యి కారం" అంటూ వెనక్కి పోయేది. తల దువ్వడమూ అన్నం పెట్టడమూ అన్నీ వాళ్ల నాన్న చేతి మీదే. కన్నతల్లినై ఉండి దూరంగా కూర్చుని చూసేదాన్ని.

మా ఎదురిల్లే కరుణమ్మ గారిది. చర్చి బడిలో ఒకటో తరగతికి చదువు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు లేరు. వీధిలో అందరూ వాకిళ్లకు సిమెంటు చేయించుకున్నా ఆవిడ మాత్రం మట్టినేల అలాగే ఉంచేశారు. సాయంత్రం కాగానే బోరింగు కొట్టి ఆ నేలంతా తడిపి, పిల్లల్ని వదిలేవారు. వాళ్ల మంచి బట్టలు విప్పించి గేటుకు తగిలించి, తన భర్త పాత చొక్కాలు తొడిగేవారు. చేతిలో బెత్తం ఒకటి ఉండేది. అది పిల్లల కోసం కాదు, మధ్యలో వచ్చి వాళ్లను లాక్కుపోయే తల్లుల కోసం.

"బురదలో ఆడితే జలుబు చెయ్యదా అండీ?" అని ఒకావిడ అడిగింది.

"చేస్తే చీదుకుంటాడు. ముక్కుందిగా వాడికి!" అన్నారు టీచరు గారు.

చిన్ని రోజూ అక్కడే స్నానం కూడా చేసి, ఆవిడ పౌడరు వాసనతో ఇంటికి వచ్చేది. అన్నం తింటున్నంతసేపూ టీచరు మామ్మ కబుర్లే. మామ్మ బురదతో ఎద్దును చేసిందట, కొబ్బరిచిప్పలో ఇడ్లీలు పోసిందట. నాకు ముద్ద దిగేది కాదు.

"పిల్లల్లేని మనిషికి నా పిల్లతో ఏం పని?" అన్నాను ఒకసారి మా ఆయనతో.

"నీ పిల్లొక్కతేనా? వీధి వీధంతా అక్కడే ఉందిగా!"

"వీధి సంగతి నాకెందుకయ్యా?"

నోరు జారానని అప్పుడు అనిపించలేదు. అంత అక్కసు ఉండేది.

ఒకరోజు పని త్వరగా అయిపోయి, తిన్నగా ఆ గేటు దగ్గరికే వెళ్లాను. చిన్ని కాళ్లకు రేగడి అంటుకుని అరికాళ్ల కింద ఎత్తు చెప్పుల్లా పేరుకుపోయింది. ఆ కాళ్లతో నడవలేక తూలుతూ పకపకా నవ్వుతోంది. టీచరు గారు రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తున్నారు. ఉన్నట్టుండి అది ఆవిడ అరచేతికి తన బుగ్గ ఆనించింది. బురద చేతులు! బురద చేతులు నా బిడ్డ బుగ్గ మీద ఉండొచ్చు, నావి ఉండకూడదు. నా కడుపు రగిలిపోయింది.

"చిన్నీ, ఇంటికి రా!"

అది ఆవిడ చీర వెనక దాక్కుంది. "అమ్మ చెయ్యి కారం. నే రాను."

"నా పిల్లని నాకు కాకుండా చేస్తున్నారండీ మీరు!" అని అరిచాను. పిల్లలందరూ ఆట ఆపి చూశారు. టీచరు గారు నా మొహం చూశారు, తర్వాత ఎర్రగా ఉబ్బిన నా వేళ్లు చూశారు.

"కూర్చో," అన్నారు.

"కూర్చోటానికి రాలేదండీ."

"కూర్చోమన్నానా! ఆ చేతులు ఇట్టా తే."

నా మణికట్లు పట్టుకుని లాగి, చేతులు రెండూ బురదలోకి అదిమేశారు. ఆ చల్లదనానికి ప్రాణం లేచి వచ్చింది. పొద్దుటి నుంచీ మండుతున్న చేతులు కాసేపటికి నెమ్మదించాయి.

"చిన్నీ, మీ అమ్మకి కారం పోవాలంట. మట్టి పుయ్యవే."

అది ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. దూరం నుంచే గుప్పెడు బురద నా చేతి మీద వేసింది. తర్వాత వేలితో అద్దింది. చివరికి నా ముందు చతికిలబడి నా మణికట్టు చుట్టూ బురద గాజులు చేయడం మొదలుపెట్టింది.

"మండుతోందా అమ్మా?"

"లేదమ్మా."

"నాకూ మండట్లేదు," అంటూ తన రెండు చేతులూ నా చేతుల మీద పెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి టీచరు గారు బోరింగు దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు. "రా, కడిగి పంపిస్తా," అన్నారు.

"మా అమ్మ కడుగుద్దిలే మామ్మా," అంది చిన్ని, నా వేలు పట్టుకుని.

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకున్నారు. "సరే, ఇక పొండి. చీకటి పడుతోంది," అంటూ మా వెనకే గేటు వేసేశారు. అప్పటికింకా ఎండ కూడా పోలేదు. ఆవిడకు కోపం వచ్చిందనుకున్నాను. గెలిచానని సంబరపడ్డాను కూడా.

ఆ తర్వాత పని నుంచి వచ్చిన ప్రతిరోజూ ముందు ఆ వాకిట్లో చేతులు ముంచి, ఆ తర్వాతే బిడ్డను ముట్టుకునేదాన్ని. అయినా నా అసూయ పూర్తిగా చావలేదు. చిన్ని పెద్దదై ఉద్యోగంలో చేరాక కూడా చిన్నతనం మాట వస్తే ముందు టీచరు మామ్మ పేరే ఎత్తుతుంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మేం సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిలికి సిమెంటు వద్దని నేనే పట్టుబట్టాను.

నిన్న సాయంత్రం పక్కింటి లడ్డూగాడి తల్లి బట్టల షాపు నుంచి వచ్చి మా గేటు పట్టుకుని నిలబడింది. వాడు బురద ఒంటితో నా మెడ పట్టుకుని వేలాడుతున్నాడు. ఆ తల్లి నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలిసినదే. "వచ్చి కూర్చోమ్మా," అని బలవంతంగా కూర్చోబెట్టాను. కాసేపటికి తల్లీకొడుకులిద్దరూ బురదలో ఇళ్లు కడుతూ నన్ను మరిచిపోయారు. నేను తువ్వాలు తెచ్చి, "రారా, కడిగి పంపిస్తా," అన్నాను.

"మా అమ్మ కడుగుద్ది," అన్నాడు వాడు, నావైపు చూడకుండానే.

పాత చోటే మళ్లీ భగ్గుమంది. "సరే, ఇక పొండి. చీకటి పడుతోంది," అన్నాను. వీధిలో ఇంకా ఎండ ఉంది. గేటు వేసి, తువ్వాలు పట్టుకుని అక్కడే ఉండిపోయాను. ఆ రోజు టీచరు గారు గేటు అవతల ఎంతసేపు ఇలా నిలబడ్డారో! నేను వెనక్కి తిరిగి చూడనేలేదు.