భాయ్ వేసిన కొత్త ఫ్యూజు

కరెంటు కొలిచే మీటరు నా చేతిలోనే పేలింది. తెల్లటి వెలుగు, చెవులు మూసుకుపోయే చప్పుడు, ఆ వెంటనే కాలిన ప్లాస్టిక్ వాసన. మొఘల్‌పురాలో ఒక ఫంక్షన్ హాలు. కరెంటు ప్యానెల్ ముందు నేను చతికిలబడి ఉన్నాను. కుడి అరచెయ్యి నాదేనా అన్నంత నల్లగా మారింది. కళ్ళజోడు నిండా మసి. కళ్ళజోడు లేకపోతే ఏమయ్యేదో తెలుసు కాబట్టే దాని గురించి ఆలోచించలేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడే అర్థమైంది. ఎగ్జాస్టు ఫ్యాను ఎంత కరెంటు లాగుతోందో చూసి, వెంటనే వోల్టేజి చూడబోయాను. మధ్యలో మీటరు ఎర్ర వైరును ఒక రంధ్రంలోంచి పీకి ఇంకోదాంట్లో పెట్టాలి. పక్కన మేనేజరు "జల్దీ చెయ్యన్నా, బారాత్ వస్తున్నది" అని ఒకటే లొల్లి. మరిచాను. ఎలక్ట్రీషియన్ పనిలో ఈ పొరపాటు ఒక్కసారీ చెయ్యనివాడు ఉంటే తీసుకురండి, దండం పెడతాను. అసలు ఆ పొరపాటు కోసమే కదా మీటరులో ఫ్యూజు పెట్టేది. ఫ్యూజు తెగాలి, మీటరు ఆగిపోవాలి, నేను నన్ను నాలుగు తిట్టుకోవాలి. అంతవరకే జరగాలి. మీటరు పేలడమేమిటి?

కట్టు కట్టించుకుని కిషన్‌బాగ్‌లో ఇంటికి చేరాను. మా ఆవిడ నన్ను చూసి గడప మీదే కూలబడింది. "వేళ్ళు ఉన్నయా లేవా, ముందుగాల గది చెప్పు," అంది. ఉన్నాయన్నాక గానీ లేవలేదు.

తనను మీటరు పట్టుకోమని, ఎడమ చేత్తో మరలు తిప్పి తెరిచాను. లోపల ఫ్యూజు రెండు ముక్కలైంది. మంచి ఫ్యూజుకు తెల్లటి పింగాణీ గొట్టంలో సన్నటి ఇసుక కూరి ఉంటుంది. తీగ తెగినప్పుడు లేచే మంటను ఆ ఇసుకే మింగేస్తుంది. ఈ ముక్కలను కాగితం మీద దులిపాను. ఒక్క రేణువు రాలలేదు. మీటరు అంతా వెతికినా ఇసుక జాడ లేదు. పైన మాత్రం కంపెనీ పేరు, అంకెలు, అన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. పైన పటారం, లోన లొటారం. ఇంత బోలు గొట్టాన్ని నమ్ముకునా నేను ప్యానెల్ ముందు మొహం పెట్టింది?

అంతకన్నా వింత, అది నా ఫ్యూజే కాదు. నాదాని మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి.

"మొన్న భాయ్ అడిగితే మీటర్ నేనే ఇచ్చిన," అంది మా ఆవిడ.

భాయ్ అంటే కూలర్లు, ఏసీలు బాగుచేసే మా పక్కింటాయన. మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే, మా ఇద్దరి మీటర్లూ ఒకే రకం. మా మధ్య గిన్నె ఖాళీగా తిరిగిపోదు. షీర్ ఖుర్మా వచ్చిన గిన్నెలో సకినాలు వెళతాయి. నిచ్చెన ఇస్తే కొత్త తాడు కట్టుకుని వస్తుంది. ఏం పెట్టామో చెప్పుకోవడం మాత్రం తక్కువతనం. ఇచ్చినా పుచ్చుకున్నా కుడి చేత్తోనే. పిల్లలు ఎడమ చెయ్యి చాపితే ఏ ఇంట్లోనైనా మొట్టికాయే.

ఆ మర్యాదలన్నీ పక్కనపెట్టి, ముక్కలు జేబులో వేసుకుని వెళ్ళాను. తిట్లన్నీ దారిలోనే సిద్ధం చేసుకున్నాను. దారంటే నాలుగడుగులే, అయినా చాలానే పోగయ్యాయి.

భాయ్ తలుపు తీసి నా కట్టు చూశాడు. మీటరు పేలిందని చెప్పగానే రెండు చేతులూ పైకెత్తాడు.

"అల్లా మెహర్బానీ అన్నా. నేను కొత్త ఫ్యూజు వేసిన గాబట్టి చెయ్యితోని పోయింది."

నేను నోరు తెరిచేలోగా ఆయనే చెప్పుకుపోయాడు. "నా మీటర్ల ఫ్యూజు కొట్టేసింది, అందుకే నీది తీస్కపోయిన. బజార్ల కొత్తది కొన్న. నీది చూస్తే మస్తు పాతగున్నది, రాతలు గూడ లేవు. కొత్తది నీకేసి, నీ పాతది నేనేస్కున్న. గింత దానికి చెప్పుడేందని చెప్పలే."

మంచిదనుకున్నది నాకిచ్చి, పాతది తాను ఉంచుకున్నాడు. సిద్ధం చేసుకున్న తిట్లలో ఒక్కటీ ఈయనకు సరిపోలేదు. జేబులోంచి ముక్కలు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. ఆయన పనివాడే, చెప్పాల్సిన అవసరం రాలేదు. గొట్టంలోకి చూశాడు, బోర్లించాడు, మళ్ళీ చూశాడు.

"రేత్ ఏది అన్నా?"

"ఇసుక లేదు భాయ్. అసలు పెట్టనేలేదు."

"అసలుదే అన్నడు దుకాణపాయన," అన్నాడు. "మీటర్ మొహం కాడ పట్టుకున్నవా?"

తలూపాను. భాయ్ లోపలికి వెళ్ళి తన మీటరు విప్పి, అక్షరాలు అరిగిన నా పాత ఫ్యూజు తెచ్చాడు. నన్ను రక్షించాల్సింది మొన్నటి నుంచి గోడకు అవతలే ఉంది.

"నీ అమానత్ అన్నా, నీది నీకే," అంటూ కుడి చెయ్యి చాపాడు.

నేను ఎడమ చెయ్యి చాపాను. భాయ్ ఆ చెయ్యి వంక చూశాడు. ఫ్యూజు నా చేతిలో పెట్టలేకపోయాడు.

"ఇప్పుడు గీ చెయ్యే ఉన్నది భాయ్," అన్నాను. "ఇయ్యి."