డైరీలో రాసిన 3.6 సెకన్లు

2004 జూన్ 14, సోమవారం. సాయంత్రం అయిదు గంటలు. హిందూపురంలో మా వీధి కమిటీ ప్రెసిడెంటు ఇంటి అరుగు. హాజరైనవారు: ప్రెసిడెంటు, బడికి పోయే పిల్లల తండ్రులు నలుగురు, ఆటో డ్రైవరు ఓబులేసు, అతని తల్లి లక్ష్మక్క, నేను.

ఆ రోజు డైరీలో ఇంతకు మించి ఒక్క అక్షరం లేదు. తిన్న కూర పేరు, పడిన వానచినుకు కూడా రాసుకునే మనిషిని నేను. 1968 నుంచి ఏ రోజూ పేజీ ఖాళీగా వదల్లేదు. ఆ పేజీలో ముప్పాతిక భాగం తెల్లగా ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ తెలుపును మోస్తున్నాను. ఎవరికీ చూపించలేదు. మా ఆవిడకు కూడా. ఆమె పోయాక చూపించడానికి ఎవరూ లేరు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. ధర్మవరంలో కొన్నేళ్లు, పెనుకొండలో ఎక్కువ ఏళ్లు. రిటైరై హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాను. ఉద్యోగం వదిలిపెట్టాను గానీ స్టాప్ వాచీని వదల్లేదు. అది నా సొంత డబ్బుతో కొన్నది, ఎవరికీ తిరిగి ఇవ్వాల్సింది కాదు.

మా వీధి ఇరుకు. అయినా మెయిన్ రోడ్డు రద్దీ తప్పించుకోవడానికి బండ్లన్నీ మా వీధిలోనే దూరేవి. ఆ ఏడు ఎండాకాలంలో ఒక మోటారు సైకిలు ఒక అవ్వను గుద్ది కాలు విరగ్గొట్టింది. కమిటీవాళ్లు పోలీసుల దగ్గరికి పోయారు. పెనుకొండ దగ్గర బెంగళూరు హైవే మీద స్పీడు కొలిచే కెమెరా పెడుతున్నారు కదా, మా వీధిలో కూడా ఒకటి పెట్టండి అని అడిగారు. అది హైవేకే, వీధులకు కాదు అని చెప్పి పంపించారు. అప్పుడు నేను అన్నాను, కెమెరా ఎందుకు, నా దగ్గర వాచీ ఉంది కదా అని.

ఆట మైదానంలో గీసినట్టే వీధికి అడ్డంగా రెండు సున్నం గీతలు గీశాను. మధ్య దూరం సరిగ్గా యాభై మీటర్లు, టేపుతో కొలిచి. మా మిద్దె మీద కుర్చీ వేసుకుంటే రెండు గీతలూ కనిపిస్తాయి. ముందు చక్రం మొదటి గీతను తాకితే నొక్కడం, రెండో గీతను తాకితే ఆపడం. ఆరు సెకన్లు పడితే గంటకు ముప్పై కిలోమీటర్లు. అంతకంటే తక్కువ పడితే బండి నంబరు డైరీలో ఎక్కించి ప్రెసిడెంటుకు చెప్పేవాణ్ణి. వాళ్లు ఆ మనిషిని పిలిపించి మాట్లాడేవాళ్లు. వీధిలో అందరూ నాకు నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు. బడిలో ఉన్నన్నాళ్లూ నాకంత మర్యాద దొరకలేదు.

ఓబులేసు మా వీధి లోపలి చివర ఇంట్లో అద్దెకు ఉండేవాడు. పన్నెండు మంది పిల్లల్ని ఆటోలో బడికి తీసుకుపోయేవాడు. అతనికి అదొక్కటే బతుకుతెరువు. పెనుకొండలో అతను నా శిష్యుడు.

ఇక్కడ ఇంకొక విషయం చెప్పాలి. ఇది చెప్పకుండా దాటిపోదామని రెండుసార్లు కాగితం చించేశాను.

1992లో పెనుకొండ బడిలో జిల్లా పోటీలకు వంద మీటర్ల పరుగుకు ఒక్కణ్ణే పంపాలి. పిల్లల్ని రెండు జట్లుగా పరుగెత్తించాను. మొదటి జట్టులో మా అన్న కొడుకు గెలిచాడు, 12.6 సెకన్లు. రెండో జట్టులో ఓబులేసు గెలిచాడు. రొప్పుతూ వచ్చి నా పక్కన నిలబడి, నేను వాచీని సున్నాకు తిప్పేలోపల ముల్లు ఎక్కడుందో చూశాడు. 12.4. నేను పుస్తకంలో 12.8 అని రాశాను. రాయడమూ చూశాడు. కంపచెట్టు కింద విడిచిన చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నా డైరీలో కూడా 12.8 అనే రాసుకున్నాను. నా డైరీతో నేను ఎందుకు అబద్ధమాడాలి? అది ఎవరు చదువుతారు? అయినా రాశాను.

పన్నెండేళ్లు అతను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జూన్‌లో ఒక పొద్దున మెయిన్ రోడ్డు మలుపులో టీ కొట్టు దగ్గర నలుగురూ నా వాచీని పొగుడుతున్నారు. ఓబులేసు గ్లాసు కింద పెట్టి నవ్వుతూ అన్నాడు, "సారు వాచీ మంచిదేనప్పా. చెయ్యే రవ్వంత తిక్కది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అతని నవ్వులో విషం లేదు, పాత గురువుతో చేసిన చిన్న పరాచికం. ఆ సంగతి ఆ రోజే నాకు తెలుసు. అయినా మూడు రోజులు అన్నం సయించలేదు.

నాలుగో రోజు పిల్లలతో అతని ఆటో గీతలు దాటింది. 6.2 సెకన్లు. అంటే ముప్పై లోపలే. నేను పెన్ను తీసుకుని కొంచెం సేపు లెక్క వేశాను. చూసేవాళ్లు భయపడాలి, నమ్మేట్టూ ఉండాలి. గంటకు గుండ్రంగా యాభై వచ్చేట్టు 3.6 అని రాశాను. కోపంలో చేశానని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. కోపంలో ఉన్నవాడు భాగహారం చెయ్యడు.

సోమవారం అరుగు మీద డైరీ తెరిచి ఆ పేజీ చూపించాను. తండ్రులు ఒకరి తర్వాత ఒకరు చదివారు. ఒకాయన ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. ఆయన కూతురు ముందు సీటులో డ్రైవరు పక్కనే కూర్చునేది.

లక్ష్మక్క అరుగు కింద నిలబడి ఉంది. "బిడ్డలు కూర్చున్యాక మావోడు ఎద్దులబండి మాదిరి తోల్తాడు సామీ," అంది. "కుక్క అడ్డం పడుకుంటే హారన్ గూడా కొట్టడు. దిగి, దాన్ని లేపి, మళ్లీ ఎక్కుతాడు. యాభై యాడ పోతాది ఆ బండి? దిగుడు రోడ్డులో గూడా పోదు."

ఓబులేసు ఆమెను ఆగమన్నాడు. నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"సార్, ఈసారి గూడా వాచీలో ఒకటి, పుస్తకంలో ఒకటా?"

అందరూ నన్ను చూశారు. ఆ ఒక్క క్షణం నాకు దారి దొరికింది. పొరపాటుగా రాశానేమో అంటే సరిపోయేది. ముసలివాడి కళ్లు అని వాళ్లే సర్దుకునేవాళ్లు.

"ఏరా ఓబులేసూ," అన్నాను, బడిలో పిలిచే గొంతుతో. "పరుగులో ఓడిపోయి పన్నెండేండ్లాయె. ఇంకా వాచీ మీదనే ఏడుస్తాండావా?"

తండ్రులు నవ్వారు. ప్రెసిడెంటు కూడా. ఓబులేసు తల దించుకున్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో మీకు ఎలా చెప్పను? గుంజీలు తీస్తూ ఏడ్చే పిల్లల్ని చూసినప్పుడు కూడా నాకు ఇదే హాయి ఉండేదా? ఉండేది. దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకుని ముప్పై మూడేళ్లు జీతం తీసుకున్నాను.

పిల్లల్ని మానిపిస్తామని ఇద్దరు తండ్రులన్నారు. ఓబులేసు చేతులు జోడించాడు, ఏం చెయ్యమన్నా చేస్తానన్నాడు. "ఏం చేద్దాం సార్, మీరే చెప్పండి," అన్నాడు ప్రెసిడెంటు. నేను దయగలవాడి మాదిరి కాసేపు ఆలోచించినట్టు కూర్చున్నాను. తర్వాత శిక్ష చెప్పాను. నెల రోజులు ఈ వీధిలో ఆటో ఇంజను వెయ్యకూడదు. ఇంటి దగ్గర నుంచి మెయిన్ రోడ్డు దాకా తోసుకుని పోవాలి, సాయంత్రం అట్లే తోసుకుని రావాలి. పిల్లలు రోడ్డు దాకా నడిచిపోయి ఎక్కుతారు. పరుగులో తప్పు చేసిన పిల్లవాణ్ణి మైదానం చుట్టూ తిప్పించేవాణ్ణి కదా, అట్లాంటిదే ఇదీ. అందరికీ నచ్చింది. ఓబులేసు సరేనన్నాడు. అనక ఏం చేస్తాడు?

నెల తిరక్కముందే పిల్లలంతా ఒక్కొక్కరే వేరే ఆటోకు మారిపోయారు. తోసుకుపోయే బండిలో ఎక్కడానికి వాళ్లు సిగ్గుపడ్డారట. ఓబులేసు ఇల్లు ఖాళీ చేశాడు. ధర్మవరంలో చీరల మూటలు మోసే ట్రాలీ ఆటో తోలుతున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. నాకు ధర్మవరం కొత్త కాదు, బస్సు ఎక్కితే పోగలను. పోలేదు. పోయి ఏమని అడగాలి? క్షమించమనా? అతను సరేనంటే ఆ సరేను నేను నమ్మను. అరుగు మీద కూడా సరేనన్నాడు.

6.2. ఇన్నేళ్లకు ఆ అంకె కాగితం మీద పెట్టాను. ఊపిరి కొంచెం లోపలికి పోతోంది. అంతకంటే నాకు ఏమీ రాదు, రావాలని అడగడం లేదు.

ఇక శిక్ష వేసిన మరుసటి పొద్దున సంగతి.

ఏడున్నరకు మిద్దె మీద కుర్చీలో ఉన్నాను. ఓబులేసు హ్యాండిల్ పట్టుకుని పక్కనుంచి తోస్తున్నాడు. వెనక లక్ష్మక్క చీర చెంగు దోపుకుని రెండు చేతులూ ఆనించి తోస్తోంది. గుంత వచ్చిన చోట ఆటో వెనక్కి జారితే ఆమె భుజం అడ్డం పెట్టింది. గేట్ల దగ్గర పిల్లలు సంచులతో నిలబడి చూస్తున్నారు. ముందు చక్రం మొదటి గీతను తాకింది. నా బొటనవేలు నొక్కింది. నేను వద్దనలేదు.

రెండో గీత దాటాక అతను ఆగాడు. చెమట తుడుచుకుని మిద్దె వైపు తలెత్తాడు.

"ఎంతొచ్చె సార్?"

"డెబ్బై నాలుగు సెకన్లు," వాచీలో ఉన్నదే చెప్పాను.

తల ఊపి, మళ్లీ తోశాడు. నేను డైరీ తీసి డెబ్బై నాలుగు అనే రాశాను.