రాజుగారి చెల్లెలు

ఏడో తరగతి నేను మూడేళ్ళు చదివాను. అంచేత ఏడు వరకూ ఉన్న విషయాల్లో అబిడ్స్ మొత్తం మీద నాకంత లోతుగా తెలిసినవాడు లేడు. ఎనిమిదిలో ఏముంటుందో ఇప్పటికీ తెలియదు. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతాను. వాటిలో ఎనిమిదో తరగతివి కూడా ఉంటాయి గానీ, అమ్మేవాడు సరుకు విప్పి చదువుతూ కూర్చుంటే వ్యాపారం సాగదు.

చదువు విషయంలో మా తాత నాకంటే ముందే తేల్చుకున్నాడు. బడి మొహమే చూడలేదు. అయినా ఆయన ఉద్యోగం చదవడమే. మాటల్లేని సినిమాల కాలంలో తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడి, మధ్యమధ్య తెరమీద వచ్చే రాతలను జనానికి చదివి వినిపించేవాడు. ఆ రాతలు ఇంగ్లీషులో, ఉర్దూలో ఉండేవి. ఆయనకు రెండూ చదవడం రాదు. జనానికీ రాదు గనుక ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఎవరో తెలియని మగవాడు తెరమీదికి వస్తే మంత్రి అనేవాడు. ఎవరో తెలియని ఆడమనిషి వస్తే రాజుగారి చెల్లెలు. ఒక సినిమాలో రాజుకు పదకొండుమంది చెల్లెళ్ళు తేలారని మా నాన్న చెప్పేవాడు.

ఆ రోజుల్లో మన ఊళ్ళో కూడా సినిమాలు తీశారు. ఎక్కడినుంచో ఒక కంపెనీ వచ్చి, ఎండ బాగా పడే తోట ఒకటి చూసుకుని, నలుగురికి కిరీటాలు పెట్టి తిప్పింది. కిరీటాలకు మగవాళ్ళు దొరికారు. ఆడపిల్లల్ని మాత్రం ఏ ఇంట్లోనూ పంపలేదు. చివరికి ఒకరిద్దరు క్రిస్టియన్ అమ్మాయిలు ధైర్యం చేశారు. కొన్నాళ్ళకు కంపెనీ పోయింది, దాని వెనకే సినిమాలూ పోయాయి.

ఇదంతా పుస్తకాలకు వచ్చినవాళ్ళకు చెబుతుంటాను. విన్నవాళ్ళెవరూ పుస్తకం కొనరు. అలా విని కొనకుండా వెళ్ళే సికింద్రాబాద్ టీచరమ్మ ఒకావిడ, రిటైరైన మనిషి, మొన్న చలికాలం మొదట్లో వచ్చి నా ముందు నిలబడింది.

"మా అమ్మకు తొంభై దాటినయ్. కండ్లు కనవడవు," అంది. "మా అమ్మమ్మ పెండ్లికి ముందు ఒక సినిమాల చేసిందంట. చర్చిల నలుగురు నాలుగు మాటలంటే వాళ్ళ నాయిన ఇంట్ల ఉన్న ఫొటోలన్నీ కాలవెట్టిండు. దాని తర్వాత ఆమె మళ్ళ ఫొటోకు నిలవడలే. ఇప్పుడు నాంపల్లిల ఎవరో పాత రీలు ముక్క చూపిస్తున్నరు. అండ్ల ఉన్నది అమ్మమ్మనా కాదా, అది తెలువాలె మా అమ్మకు. ఒక్కటే పట్టు."

"మీరు చూసి చెప్పొచ్చు గద టీచరమ్మా."

"ఆమె పోయినంక పుట్టిన నేను. మొహం ఎట్లుంటదో ఏం తెలుసు? నేనేం చెప్పినా, నన్ను ఖుష్ చేయనీకి చెప్తున్నవంటది. బయటి మనిషి కావాల్నంటది. నీ గురించి చెప్పిన."

"నా గురించి చెప్పినంక కూడా రమ్మన్నదా?"

"మీ తాత గురించి చెప్పిన."

శనివారం పొద్దున పదకొండింటికి నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక మేడమీద చిన్న హాలు. ఇరవై ప్లాస్టిక్ కుర్చీలు, తొమ్మిదిమంది మనుషులు. టీచరమ్మ వాళ్ళ అమ్మను, అంటే పెద్దమ్మను, మెట్లెక్కించడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో నా ఏడో తరగతి సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. కుర్చీలో కూర్చున్నాక, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు నా మోచెయ్యి పట్టుకుంది.

సినిమా మొదలైంది. గీతలు, మచ్చలు, వాటి వెనక ఒక రాజు. నాలుగు నిమిషాల ముక్క. రాజు సింహాసనం మీద కూర్చుని ఏదో అరుస్తున్నాడు. పక్కన మంత్రి, ఈసారి నిజంగానే మంత్రి. మూలన ఒక అమ్మాయి చెంబు పట్టుకుని, గోడకు కొట్టిన మేకులా నిలబడింది. మొత్తం ముక్కలో ఆడమనిషి ఆమె ఒక్కతే.

ఈ వయసులో ఇన్ని మెట్లెక్కి వచ్చిన మనిషితో, మీ అమ్మ మూలన నిలబడిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"వచ్చింది పెద్దమ్మా," అన్నాను. "సింహాసనం మీద కూసున్నది. మెడ నిండ నగలు. రాజుగారి చెల్లెలు."

పెద్దమ్మ నా మోచెయ్యి వదిలేసింది.

"రాజుగారి చెల్లెలా?"

"ఔ పెద్దమ్మా."

"మా నాయిన గిట్లనే మోసపోయిండు," అంది, గొంతు తగ్గించకుండా. "తెర పక్కన ఎవడో కర్ర పట్టుకొని రాజుగారి చెల్లెలంటే నమ్మి, వెతుక్కుంట వచ్చి పెండ్లి చేసుకున్నడు. పప్పు మాడినప్పుడల్ల, రాజుగారి చెల్లెలికి వంటెట్ల వస్తదని దెప్పెటోడు. ఆ కర్ర మనిషి మీ తాతనేనా?"

ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. నేను తెరనే చూస్తూ కూర్చున్నాను. చరిత్ర మీద నాకంత శ్రద్ధ ఎన్నడూ కలగలేదు.

"నేను అడిగింది ఆమె ఎవరి చెల్లెలని కాదు. జర కండ్లు పెట్టి చూడు. ఆ పిల్ల చేతిల ఏమన్న ఉన్నదా?"

"చెంబున్నది."

"ఏ చేతిల?"

అప్పుడు చూశాను. రాజు దాహమని సైగ చేశాడు. అమ్మాయి ముందుకు వచ్చి నీళ్ళు పోసింది.

"ఎడమ చేతిల. నీళ్ళు పోసుడు గూడ ఎడమ చేత్తోనే. రాజు అరుసుడు ఆపి ఆ చెయ్యి దిక్కే చూస్తున్నడు. పిల్లకు నవ్వొస్తున్నది. మొహం మన దిక్కు తిప్పింది. ఆపుకుంటున్నది గని ఆగుత లేదు."

తెర తెల్లబడింది.

"మా అమ్మది ఎడమ చెయ్యి వాటం," అంది పెద్దమ్మ. "అందరు కలిసి మార్పియ్యబోయిన్రు. మారలే." చీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మళ్ళొక్కసారి వెయ్యమను."

మూడుసార్లు వేశారు. మూడుసార్లూ పెద్దమ్మకు చూసింది చూసినట్టే చెప్పాను. ఒకే తరగతిలో మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి, నాకు విసుగు రాలేదు.

తర్వాత టీచరమ్మ మమ్మల్ని ఆటోలో మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్ళింది. పెద్దమ్మ సీతాఫలం ఐస్‌క్రీమ్‌ను, పళ్ళు జివ్వుమంటున్నాయని తిట్టుకుంటూ, అడుగు దాకా తింది. నా పరువు కొంచెమైనా మిగిలిందేమో చూసుకుందామని అడిగాను.

"ఇంతకీ అబద్ధం ఎవరు మంచిగ చెప్పిన్రు పెద్దమ్మా, మా తాతనా, నేనా?"

"మీ తాతనే," అంది చెంచా నాకుతూ. "ఆయనకు సదువే లేకుండె, గందుకే నిండుగ చెప్పిండు. నువ్వు ఏడు దాకా సదివినవు. సగంల దొరికినవు."