మెర్సీ టీచర్ శుక్రవారపు గొంతు

2022 చివరి నెలలు. బహ్రెయిన్ రాజధాని మనామాలో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలోని ఒక చిన్న క్లినిక్‌లో నేను వాయిస్ థెరపిస్టుగా చేరి అప్పటికి ఏడాది. గొంతు పాడైనవాళ్లకు దాన్ని చెడగొట్టుకోకుండా మాట్లాడటం నేర్పడం నా పని. నలుగురిలో నోరు విప్పని పిల్లకి ఈ ఉద్యోగమేమిటని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

మెర్సీ టీచర్ అప్పుడే వచ్చారు. గుంటూరు ఆవిడ, నలభై దాటాయి, ఇక్కడి స్కూల్లో ఇంగ్లిష్ చెబుతారు. గొంతు బొంగురుపోయి, మాట మధ్యలో తెగిపోతోంది. స్వరతంత్రుల మీద నాడ్యూల్స్ ఉన్నాయని మా ఈఎన్‌టీ డాక్టర్ తేల్చారు. గొంతును అతిగా వాడితే, అరిచేతికి కాయలు కాసినట్టు అక్కడా కాస్తాయి. ముందు థెరపీ, తగ్గకపోతే ఆపరేషన్.

ఆవిడకి తొందర ఉంది. ఇక్కడి ఔత్సాహిక నాటక బృందం ఒకటి ఆవిడకి గంటసేపు ఏకపాత్ర ఇచ్చింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌ని ఊపేసిన ఒక నటి జీవితం. ప్రదర్శనకి రెండు నెలలే ఉంది.

“ఇన్నేళ్లకి నాకొక వేషం దొరికింది డాక్టరమ్మా. ఇప్పుడు గొంతు పోతే ఎలా?”

“నేను డాక్టర్ని కాదు మేడమ్.”

“మందు ఇవ్వకుండానే నోరు మూయిస్తున్నావుగా. డాక్టర్ కంటే ఎక్కువే.”

గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, ‘ఊ’ అంటూ బుడగలు ఊదించేదాన్ని. గొంతు మీద ఒత్తిడి తగ్గించే అభ్యాసం అది. మధ్యలో కాసేపు మాట్లాడనిస్తే, ఆవిడ తన నటి కథే చెప్పేవారు. ‘మా దొరసాని’ అనేవారామెను. ఊరూరా తిరిగే నాటకాలవాళ్ల ఇంట పుట్టింది. లండన్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కినప్పుడు ఎవరికీ నచ్చలేదు. చిన్న ఊళ్లలో ఏళ్లపాటు ఆడి, మళ్లీ వచ్చి గెలిచింది. కొవ్వొత్తుల వెలుగులో, కబుర్లాపని జనం ముందు, మైకు లేకుండా. నెలలు నిండేదాకా స్టేజీ దిగలేదు. ఒకసారి జబ్బుపడి నాటకం మానేస్తే, “నటి కదా, జబ్బూ నటిస్తోంది” అన్నారట. మర్నాడు జ్వరంతోనే వెళ్లి ఆడింది. నాటకంలో ఆ ఘట్టమే మెర్సీ టీచర్‌కి ప్రాణం. నేను ఇంటికెళ్లి ఆ కాలపు రంగస్థలం గురించి దొరికిందల్లా చదివేదాన్ని.

మూడు వారాలైనా గొంతు మెరుగుపడలేదు. నాడ్యూల్స్ ఇంకా ఎర్రబడ్డాయి. “నాటకం మానెయ్యమను, లేదంటే ఆపరేషన్ రాస్తాను” అన్నారు డాక్టర్. నాకు అంతుపట్టలేదు. స్కూల్లో మైకు పెట్టించాం. రిహార్సల్‌లో ఆవిడ పెదాలు మాత్రమే కదుపుతున్నారు. ఒకటి గమనించాను: ఆదివారం వచ్చినప్పుడల్లా గొంతు మరీ అధ్వానం. ఇక్కడ సెలవు శుక్ర, శనివారాలు. సెలవు తర్వాత గొంతు తేరుకోవాలి కదా.

“శుక్రవారం ఏం చేస్తారు మేడమ్?”

“ఏముంది, ఇక్కడ చర్చి శుక్రవారమేగా, మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రార్థన. పాటలు నేనే ఎత్తుకుంటాను.”

“ఎంతసేపు?”

“మధ్యాహ్నం దాకా.” ఆగారు. “దేవుడితో మాట్లాడేది కూడా మాటల్లోకి వస్తుందా?”

“గొంతుకి ఆ తేడా తెలీదు.”

“మానలేనమ్మా. నేను నాటకమాడటం మావాళ్లలో కొందరికి ఇష్టం లేదు. ఇప్పుడు పాడకపోతే, దేవుడికి లేని గొంతు నాటకానికి దాచుకుంది అంటారు. అందుకే ఇంకా గట్టిగా పాడుతున్నా.”

నాకు అడగాలంటే బెరుకు. అయినా అడిగాను. “మీ దొరసాని జ్వరంతో ఎందుకు వెళ్లింది?”

ఆవిడ స్ట్రాని గ్లాసులో గిర్రున తిప్పారు. “జనం నమ్మాలని” అన్నారు.

తర్వాతి వారం తమ పాస్టరమ్మ సువార్తమ్మ గారిని వెంటబెట్టుకొచ్చారు. నేను స్ట్రోబోస్కోపీ వీడియో పెట్టాను. అంటే స్వరతంత్రుల కదలికను నెమ్మదిగా కనబడేలా తీసిన వీడియో. రెండు సన్నటి తెల్లని పట్టీలు, వాటి మీద ఎర్రని బొడిపెలు. సువార్తమ్మ గారు కళ్లద్దాలు సర్దుకుని చూశారు.

“ఇంతేనా మనిషి గొంతు? ఇంత చిన్నదా?”

“అంతేనండీ.”

“పాటా నాటకమూ రెండూ మోస్తుందా?”

“ఇప్పట్లో రెండూ మోయలేదండీ. మైకు పెట్టుకుంటే నాటకం ఒక్కటి.”

ఆవిడ మెర్సీ టీచర్ వైపు తిరిగారు. “నాటకాలు నాకు నచ్చవే. రేపూ నచ్చవు. అది వేరే సంగతి. నీ జబ్బు అబద్ధమని మాత్రం ఎవర్నీ అననివ్వను. శుక్రవారం ప్రార్థనకి వచ్చి, పాడకుండా ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టు. మా చెవులకీ కాస్త రెస్టు.”

మెర్సీ టీచర్ నవ్వబోయి ఏడ్చేశారు. ఏడుపూ గొంతుకి మంచిది కాదని చెప్పాలి. చెప్పలేదు.

ప్రదర్శన అనుకున్న రోజే, కాలర్ మైకుతో జరిగింది. జ్వరం ఘట్టంలో అరుస్తూ చెప్పాల్సిన మాటల్ని ఆవిడ మెల్లగా అన్నారు. చివరి వరసలో ఉన్న నాకు కూడా వినిపించాయి. సువార్తమ్మ గారు రాలేదు. వస్తారని మేమూ అనుకోలేదు. ఆపరేషన్ మాత్రం తప్పింది. పాటలకి తిరిగి వెళ్లడానికి ఇంకా కొన్ని నెలలు పట్టింది.

కేస్ హిస్టరీ రాసుకునేటప్పుడు రోజుకి ఎంతసేపు మాట్లాడతారని ఇప్పటికీ అడుగుతాను. ఆ తర్వాత ఇంకొకటి కూడా అడుగుతాను: మీరు ఊరుకుంటే ఎవరేమనుకుంటారని భయం? మొన్న హిద్ ఓడరేవులో పనిచేసే కరీంనగర్ ఫోర్‌మన్ ఒకాయన తన బూట్లు చూసుకుని, “నేను గట్టిగ ఒర్రకపోతే నా కింద పనిచేసే మనోళ్లు నన్ను లెక్క చెయ్యరు మేడం” అన్నాడు. థెరపీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాం.