గుండీల బాబాయి తిన్న చేపల కూర

బంధువుల్లో ఎవరు ఏ ఊరు ప్రయాణమైనా, టికెట్టు చేతికి రాగానే గుండీల బాబాయికి ఫోను చేస్తారు. "బాబాయ్, ఫలానా ఊరు వెళ్తున్నాం. అక్కడ ఎక్కడ తినాలి?" అంటారు. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అని ఆయన్ని అడగరు. అవి ఎవరైనా చెప్తారు. తిండి సంగతి మాత్రం బాబాయి నోటివెంట రావలసిందే.

చొక్కా గుండీల కంపెనీకి ఏజెంటుగా ఆయన ఉద్యోగమంతా ఊరూరూ తిరగడంతోనే గడిచింది. అట్టముక్కల మీద వరసగా కుట్టిన గుండీలను పెట్టెలో పెట్టుకుని దర్జీ కొట్లూ బట్టల కొట్లూ ఎక్కి దిగేవాడు. అలా గుండీలే ఆయన ఇంటిపేరైపోయాయి. అసలు పేరు ఆయన సంతకంలో ఉంటుంది గానీ ఆ సంతకం ఎవరికీ అర్థం కాదు.

"బోర్డు నిండా కూరల బొమ్మలున్న చోటికి పోకండిరా. ఊళ్ళోవాళ్ళకి బొమ్మలెందుకు?" అని మొదలుపెడతాడు. "లాడ్జి గుమాస్తాని అడక్కండి. మీకేది నచ్చుతుందో అది చెప్తాడు గానీ, తనెక్కడ తింటాడో చెప్పడు. మధ్యాహ్నం బజార్లో నిలబడండి. ఎవడైనా కొట్టు తలుపు ఓరగా వేసి గబగబా నడుస్తుంటే వాడి వెనకాలే పొండి. తిని బయటికొచ్చేవాళ్ళ మొహాలు చూడండి. కబుర్లు చెప్పుకుంటూ వస్తే ఫరవాలేదు. నోరు మెదపకుండా, నిదానంగా వస్తున్నారా, మరి ఆలోచించకండి, దూరిపొండి."

ఆయన మాట విని చెడిపోయినవాడు లేడు. అందరూ తృప్తిగా తిని వచ్చి, ఇంటికొచ్చి మరీ ఆయనకి దణ్ణం పెట్టినంత పని చేసేవారు.

ఇంత పేరు మోసిన మనిషి ఆ హోటళ్ళలో ఒక్కదాని గడపైనా తొక్కలేదు. ఇది చెబితే నమ్మేవాళ్ళు లేరు కాబట్టి బాబాయి ఎవరికీ చెప్పలేదు.

ఆయన పుట్టి పెరిగింది పదిమంది ఒక్కసారే కంచాల ముందు కూర్చునే ఇల్లు. ఒకడి కంచంలోది ఇంకొకడు లాక్కోవడం, నవ్వులు, కేకలు, వాటి మధ్యే నాలుగు ముద్దలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏదో ఊళ్ళో భోజనానికి వెళ్ళాడు. హాలు కిటకిటలాడిపోతోంది. సర్వరు ఆయన్ని తీసుకెళ్ళి ఒక కుటుంబం కూర్చున్న బల్ల దగ్గర మిగిలిన ఒక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతదాకా కిలకిలలాడుతున్న వాళ్ళందరూ ఠక్కున నోళ్ళు మూసుకున్నారు. వాళ్ళ చంటిది కన్నార్పకుండా ఈయన నోటివంకే చూస్తోంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాడు గానీ గొంతు దిగితేగా! "ఏం సార్, కూర బాలేదా?" అని సర్వరు గట్టిగా అడిగేసరికి హాలు హాలంతా తనవైపు తిరిగినట్టయింది. ఎంగిలి చేత్తోనే బయటపడ్డాడు.

ఆ తరువాత ఎన్నిసార్లు ప్రయత్నించినా హోటలు మెట్ల దగ్గరే కాళ్ళు బిగుసుకుపోయేవి. దాంతో ఊరు ఏదైనా ఆయన భోజనం ఒకటే, బన్నూ అరటిపండ్లూ. లాడ్జి గది తలుపు గడియ పెట్టుకుని, మంచం మీద పేపరు పరిచి, గోడవైపు తిరిగి తినేవాడు. నవ్వుకోవలసిన సంగతే, కాదనను. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య ఒంటరిగా కూర్చుని తినడం కొందరికి నిజంగానే పెద్ద శిక్ష. వాళ్ళు ఎవరితోనూ చెప్పుకోరు కాబట్టి మనకి తెలియదు, అంతే.

క్యాంపు నుంచి రాగానే పిన్ని పెట్టెనైనా అందుకోకుండా అడిగే మొదటి మాట "వేళకి తిన్నారా? ఏం తిన్నారు?" అని. బన్ను తిన్నానంటే ఆవిడ బెంగతో తనూ తినడం మానేస్తుంది. అందుకని బాబాయి భోజనాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఊరికే కల్పించి చెప్పే మనిషి కాడాయన. దర్జీల దగ్గరా, రిక్షావాళ్ళ దగ్గరా కూపీ లాగేవాడు. పేరున్న హోటలుకి ఎదురుగా నిలబడి తాలింపు వాసన పీల్చేవాడు. తిని వచ్చేవాళ్ళ మాటలు చెవిన వేసుకునేవాడు. ఇల్లు చేరేసరికి ఆ తినని భోజనం తిన్నవాళ్ళు కూడా అసూయపడేలా తయారయ్యేది.

అలాంటి వాటిలో తలమానికం ఏటి ఒడ్డు ఊళ్ళో తిన్న చేపల కూర. తిన్న అంటే, తినని. ఓ సందులో ఒకావిడ నడిపే చిన్న హోటలది. ముక్క విడిపోకుండా, నోట్లో పెట్టగానే కరిగిపోతుందట. పులుపు ముందు తెలియదట, కాసేపటికి మెల్లగా నాలుక చివర తగులుతుందట. బాబాయి చెప్పి చెప్పి ఆ కూరని బంధువర్గమంతటికీ తినిపించాడు.

ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో ఓ పొద్దున పిన్ని కాఫీ ఇస్తూ అంది.

"ఏవండీ, నన్ను ఆ ఏటి ఒడ్డు ఊరికి ఓసారి తీసుకెళ్ళండి."

"అక్కడ చూడ్డానికేముందోయ్?"

"చూడ్డానికి కాదు. తినడానికి."

 బాబాయి ఎండలన్నాడు, వానలన్నాడు, మోకాళ్ళ నొప్పన్నాడు. పిన్ని ఏదీ కాదనలేదు, ఏదీ వినిపించుకోనూ లేదు. చివరికి టికెట్లు కూడా ఆవిడే తెప్పించింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆవిడ అన్న మాటలు విన్నాక గానీ సంగతి ఎంత లోతుగా ఉందో ఆయనకి తెలియలేదు.

"మీరు ఆ కూర గురించి చెప్పిన రోజు నాకింకా గుర్తే. నేనప్పుడు చేపలే వండాను. మీరు తింటూ తింటూ ఆవిడ కూర గురించి చెప్పారు. నా కూర బాలేదని అన్లేదు. కానీ ఆ రోజు నుంచీ నా కూర నాకే నచ్చడం మానేసింది. పులుపు మార్చి చూశాను, నూనె మార్చి చూశాను, గిన్నె కూడా మార్చాను. ఆవిడెవరో ఎక్కడో నాకంటే బాగా వండుతోందని తెలిసి ఆవిడతో ఇన్నేళ్ళు కాపురం చేశానండీ. ఓసారి తిని చూస్తే ఆ గోల వదిలిపోతుంది."

ఆవిడ నవ్వుతూనే చెప్పింది.  ఆవిడ బెంగ పెట్టుకోకూడదని బాబాయి చెప్పిన మాట ఆవిడ పొయ్యి పక్కనే కూర్చుని ఇన్నేళ్ళూ పోరు పెట్టిందన్నమాట. అక్కడికక్కడే చెప్పేద్దామనుకున్నాడు. ఎదుటి సీట్లో వాళ్ళు వింటారని ఊరుకున్నాడు. వాళ్ళు దిగిపోయాక కూడా ఊరుకున్నాడు.

ఊళ్ళో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. పిన్ని పొద్దున్నుంచీ కావాలనే ఏమీ తినలేదు. బాబాయి ఆవిడని బజారంతా తిప్పాడు. ఈ సందు కాదన్నాడు, ఆ సందు అయివుండాలన్నాడు. దారిలో కనిపించిన హోటలునల్లా చూపించి "ఇది బాగుంటుంది, చూడు, జనం ఎలా వస్తున్నారో" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపేది.

"ఎన్నాళ్ళైందో! మూసేసుంటారోయ్."

"మూసేశారని ఎవరైనా చెప్తే వెనక్కి పోదాం."

కొంగుతో చెమట తుడుచుకుని, ఎదురుగా ఉన్న దర్జీ కొట్టులోకి ఆవిడే వెళ్ళి అడిగింది. మిషను ఆపకుండానే దర్జీ గడ్డంతో సందు అవతలివైపు చూపించాడు. బాబాయికి తెలియకనా! ఆ దర్జీ కొట్టు మెట్టు మీద నిలబడే కదా ఆయన వాసన పట్టింది. రెండుసార్లు ఆవిడని ఈ సందు మలుపు దాకా తీసుకొచ్చి వెనక్కి తిప్పిందీ ఆయనే.

పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న గది. గోడ వెంబడి బల్లలు, స్టీలు జగ్గులు, చివర పాత చీరతో కుట్టిన తెర. తెర వెనక నుంచి గరిటె చప్పుడు వస్తోంది. జనం తింటున్నారు, ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. గుమ్మం దగ్గర బాబాయి కాళ్ళు ఎప్పట్లాగే బిగుసుకున్నాయి. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి మూల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తెర పక్కకి జరిగి హోటలామె వచ్చింది. తల బాగా నెరిసింది గానీ మనిషి చురుగ్గానే ఉంది.

"అక్కా, మీ చేపల కూర కోసమే వచ్చాం" అంది పిన్ని. "మా ఆయన వయసులో ఉన్నప్పుడు ఇక్కడ తిన్నారు. ఇప్పటికీ దాని గురించే చెప్తారు."

హోటలామె బాబాయివైపు చూసింది. కళ్ళు చిట్లించి మళ్ళీ చూసింది.

"ఈయనా? పెట్టె పట్టుకుని వచ్చే గుండీలాయన కదూ? ఈయన మా హోటల్లో ఎప్పుడు తిన్నారమ్మా! ఆ ఎదురు మెట్టు మీద నిలబడి, లోపలికే చూసి చూసి వెళ్ళిపోయేవారు. వచ్చినప్పుడల్లా అంతే. నేను తెర సందులోంచి చూసేదాన్ని." ఆమె గొంతు కాస్త మారింది. "అప్పుడు మేం కొత్తగా పెట్టుకున్నాం. ఆ మనిషికి ఇక్కడ ఏం నచ్చలేదా అని బల్లలు మళ్ళీ తుడిపించేదాన్ని. అడుగుదామంటే సిగ్గేసేది."

బాబాయి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.  పిన్ని హోటలామెతో "రెండు భోజనాలు పెట్టండక్కా" అంది.

 భోజనాలు వచ్చేలోపు ఆయన జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోశాడు, నిండిన గ్లాసులోకే మళ్ళీ పోశాడు. బల్ల మీద పారిన నీళ్ళని పిన్ని అరచేత్తో పక్కకి తోసింది.

"నిజమేనా?" అంది చివరికి.

"నిజమే."

"ఈ ఊళ్ళోనేనా, అన్ని ఊళ్ళలోనూ ఇంతేనా?"

"అన్ని ఊళ్ళలోనూ."

కంచాలు వచ్చాయి. పొగలు కక్కే అన్నం, పక్కన ఎర్రటి కూర. పిన్ని ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. చాలాసేపు చప్పరించింది. బాబాయి ఆవిడ మొహం వంకే చూస్తూ ఉండబట్టలేక అడిగేశాడు.

"ఎలా ఉంది?"

"నన్నడుగుతారేం? ఇన్నేళ్ళూ మీరే కదా చెప్పారు. ఈసారి తిని చెప్పండి."

ఆయన ముద్ద కలిపాడు. పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గారు, చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా పిన్ని తన ముద్ద తను కలుపుకుంటోంది, ఇంట్లో కలుపుకున్నట్టే, వేళ్ళతో ముల్లు తీసి కంచం అంచున పెడుతూ. ఆవిడ వేళ్ళనే చూస్తూ నోట్లో పెట్టుకున్నాడు. ముద్ద దిగింది. ముక్క కరిగిపోయింది. కాసేపటికి, ఎవరో ఎప్పుడో చెప్పగా విన్న ఆ పులుపు, మెల్లగా నాలుక చివర తగిలింది.

ఇక్కడ అబద్ధం ఆడి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నీ కూర ముందు ఇదెంత అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిన్ని దగ్గర ఇంకో రుచి కల్పించి చెప్పడానికి ఆయనకి మనసొప్పలేదు.

"బాగుందోయ్" అన్నాడు నేలచూపులు చూస్తూ. "నీ కూరకంటే బాగుంది."

పిన్ని కాసేపు ఆయన్నే చూసి, నోట్లో మెతుకులు రాలేలా నవ్వింది.

"అవును, బాగుంది. నాకంటే బాగా వండింది మహాతల్లి. హమ్మయ్య! తినకుండా మీరెలా కనిపెట్టారో గానీ, నేను కొట్టుకున్నది ఉత్తపుణ్యానికి కాదు." ఇంకో ముద్ద తిని, నీళ్ళు తాగి, అప్పుడు అడిగింది. "మరి మీరు ఏం తినేవారు?"

"బన్ను."

"బన్నులోకి?"

"బన్నులోకి ఏముంటుంది? ఉత్త బన్నే. అరటిపండు. గదిలో, తలుపేసుకుని." మొదలుపెట్టాక ఆగలేకపోయాడు. "ఒక్కణ్ణీ కూర్చుంటే నాకు మెతుకు దిగేది కాదే. అందరూ నన్నే చూస్తున్నట్టుండేది. చెబితే నువ్వు నవ్వుతావని కాదు, తినడం మానేస్తావని చెప్పలేదు."

పిన్ని నవ్వు మొహంలోంచి జారిపోయింది. ఆయన క్యాంపుల్లో సుఖంగా తింటున్నాడనే ధైర్యంతో ఇంట్లో పిల్లలతో కలిసి కడుపునిండా తిన్న రోజులన్నీ ఆవిడకి వరసగా గుర్తొచ్చాయి. ఆ పూటలన్నింటిలోనూ ఈ మనిషి ఏదో గదిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. కూరల గురించి ఆయన అంత వివరంగా ఎందుకు చెప్పేవాడో కూడా ఇప్పుడు అర్థమైంది. కళ్ళు తుడుచుకుందామంటే చేతికి కారం. భుజంతో తుడుచుకుంది.

హోటలామె గిన్నె పట్టుకుని బల్ల పక్కనే నిలబడి ఉంది. ఎంతసేపైందో, ఎంత విందో తెలియదు. బాబాయి కంచంలో ఇంకో ముక్క వేసింది, దాని మీద గరిటెడు పులుసు పోసింది. ఆయన వద్దనలేదు. ఎవరైనా చూసేలోపు ముగించాలన్నట్టు తల వంచుకుని గబగబా తినసాగాడు. ముద్ద మీద ముద్ద, ఊపిరి తీసుకోకుండా.

పిన్ని బల్ల మీదుగా ఎడమ చెయ్యి చాచి ఆయన మణికట్టు పట్టుకుంది.

"మెల్లగా తినండి" అంది. "నేనున్నాగా."