అప్ప వెతికిన కత్తి

పదహారు రోజుల కిందట, మంగళవారం ఉదయం ఆరూ పదికి ఫోను మోగింది. బజారులో కత్తుల కొట్టు నడిపే అప్ప పోయిందని ఆవిడ కూతురు చెప్పింది. "నిద్దట్లోనే పిన్నీ. లేపేసరికి సల్లబడిపోయింది" అంది. నేను ఏడవలేదు. నాకు మొదట కలిగింది భయం. పెరట్లో మా కోడలు ఈ ఏటి మొదటి పనసకాయను ముందు పెట్టుకుని చేతులకు నూనె రాసుకుంటోంది. పనసకాయలు దిగాయి, అప్ప లేదు, ఆ కత్తి ఇంకా ఎక్కడో ఉంది. మూడూ ఒకేసారి తోచాయి.

అప్పకూ నాకూ చుట్టరికం లేదు. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆవిడ నాకన్నా ఆరేళ్ళు పెద్ద. ముప్పై నాలుగేళ్ళ కిందట లెక్కల టీచరుగా నర్సీపట్నం వచ్చినప్పుడు, ఈ ఊళ్ళో నేను కొన్న మొదటి వస్తువు ఆవిడ కొట్టులో కత్తిపీట. రిటైరయ్యాక కూడా నన్ను మేస్టరమ్మా అనే పిలిచేది.

ఆ కొట్టులో కత్తి కొనడం అంత సులువు కాదు. మామూలు చాకులు గుమ్మం దగ్గర బుట్టలో ఉండేవి, ఎవరైనా ఏరుకోవచ్చు. ఖరీదైనవి, పిడితో సహా ఒకే ఉక్కుతో చేసినవి, లోపల బీరువాలో ఉండేవి. వాటిని ఆవిడ ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. కత్తి చేతికిస్తే తగువొస్తుందని మన ఇళ్ళలో అందరూ అనుకునేదే. అప్ప ఆ నమ్మకాన్ని తన పనికి వాడుకుంది. మడతపెట్టిన తువ్వాలు బల్ల మీద పరిచి, దాని మీద కత్తి పెట్టేది. కొనేవాళ్ళే తీసుకోవాలి. వాళ్ళు ఎత్తుతుంటే మణికట్టు వంక చూసేది. అది వాలితే, "నీకిది బరువు, మరోటి సూడు" అని వెనక్కి పెట్టేసేది. ఎంత పెద్ద ఆఫీసరు భార్య వచ్చినా అంతే.

అంతకు ముందే ఇంకో పరీక్ష ఉండేది. ద్వారబంధానికి ఒక మేకు, దానికి నూలుదారం. కొత్తగా వచ్చిన ప్రతి కత్తినీ పెట్టెలోంచి తీసి, పిడి చివరి రంధ్రంలో దారం దూర్చి వేలాడదీసి, కొట్టు తాళంచెవితో మెల్లగా కొట్టేది. మంచి ఉక్కు కణంగుమని చాలాసేపు మోగుతుంది. వెంట్రుకంత బీట ఉన్నా టప్పుమని ఊరుకుంటుంది. కంపెనీవాళ్ళు చూసే పంపుతారు కదా అని ఒకసారి అన్నాను. "ఆళ్ళు సూసేది పెట్టెని. నాను సూసేది సేతిని" అంది.

ఇదంతా ముప్పై ఏళ్ళు కళ్ళారా చూసినదాన్ని, తప్పు నేనే చేశాను.

మా కోడలు పనసపొట్టు కొట్టి పెళ్ళిళ్ళకూ హోటళ్ళకూ ఇస్తుంది. కాయను ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో సన్నగా, టకటకా కొట్టాలి. కత్తి బరువుగా ఉండాలి, పదును నిలవాలి. కిందటేడు ఇదే రోజుల్లో ఆమె పుట్టినరోజుకు మంచిది ఒకటి ఇద్దామని కొట్టుకు వెళ్ళాను. కొత్త సరుకు అప్పుడే దిగింది. అప్ప సీలు విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"విప్పకప్పా. బహుమతి ఇచ్చేది. సీలు చించితే వాడినది తెచ్చినట్టుంటుంది."

"మోగించకుండా నానెప్పుడైనా ఇచ్చానేటి?"

"సీలుందంటే పరీక్ష అయినట్టే. ఎన్నేళ్ళు ప్రశ్నపత్రాల సీళ్ళు చూసినదాన్ని, నాకే చెబుతావా?"

అప్ప నా మొహంలోకి చూసి నవ్వింది. "బెత్తం తేలేదు, అదే పదివేలు" అని, పెట్టెను సీలుతోనే తువ్వాలు మీద పెట్టింది.

నా వెనక కొండ మీంచి దిగిన ఒకామె నిలబడి ఉంది. మూడు ముక్కుపుడకలు, భుజాన కొండచీపుళ్ళ కట్ట. ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, చెంగు ముడి విప్పుతూ, "ఆ మేస్టరమ్మకిచ్చినట్టే నాకూ ఇయ్యి. ఇప్పకు" అంది. నేను మెచ్చుకోలుగా తలూపాను కూడా. మా ఇద్దరి ఎదుట అప్ప కాదనలేకపోయింది. ఆవిడ మోగించకుండా అమ్మిన ఖరీదైన కత్తులు, నాకు తెలిసి, ఆ రెండే.

మూడో రోజు నేను మాకవరపాలెంలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. పదకొండున్నరకు అప్ప ఫోను చేసింది.

"ఆ కత్తి వాడుతున్నారేటి? ఆపించు, బేగి. ఆ సరుకులో మిగిలినవి ఇప్పుడే మోగించాను. రెండు మోగలేదు."

"ఈ టైముకి కోడలు పొట్టు కొడుతూ ఉంటుందప్పా!"

"నాను కొట్టు మూసీసి ఆటో ఎక్కీసినాను. నువ్వు కంగారు పడకు." అంతలోనే, "కాదు, పడు. ఫోను సేస్తానే ఉండు" అంది.

కోడలు ఫోను ఎత్తలేదు. చేతుల నిండా నూనె, పనస జిగురు, పని అయ్యేదాకా ఫోను ముట్టదు. బస్సులో కూర్చుని ఇరవై ఏడు సార్లు చేశాను. ప్రతిసారీ నాకు కనిపించింది మా రెండున్నరేళ్ళ మనవరాలు. వాళ్ళమ్మకు ఎదురుగా చిన్న పీట వేసుకుని కూర్చుని, ఎగిరిపడే పొట్టును గుప్పిట పట్టడం దాని ఆట. దారిలో ఇంకొకటి గుర్తొచ్చింది. కొత్త కత్తికి పసుపు రాసి బొట్టు పెట్టింది నేనే. పిడి దగ్గర, ఉక్కు సన్నబడే చోట. బీట అక్కడే ఉంటే, దాన్ని నా చేత్తో నేనే కప్పాను.

బలిఘట్టం వైపు ఉన్న మా ఇంటికి ఎలా చేరానో తెలియదు. పెరట్లో అప్ప నేల మీద కూర్చుని ఉంది. మనవరాలు ఆవిడ ఒళ్ళో కొంగు నములుతోంది. కత్తి తువ్వాలు మీద ఉంది. ఆ కంగారులో కూడా ఆవిడ కొట్టులోంచి తువ్వాలు తెచ్చుకుంది.

"నాలుగో కాయ సగంలో ఉన్నానండీ అత్తయ్యగారూ" అంది కోడలు. "అప్పగారు మాటామంతీ లేకుండా వచ్చి నా చెయ్యి పట్టేసుకున్నారు."

అప్ప నిమ్మచెక్కతో పసుపు తుడిచింది. కింద సన్నటి గీత. వెంట్రుక అంటుకుందనుకుని గోటితో తీయబోయాను. రాలేదు.

ఆవిడ మమ్మల్ని లోపలికి పంపి, కత్తిని మొద్దు మీద పెట్టి, గోనెసంచి రెండు మడతలు కప్పి సుత్తితో కొట్టింది. ఒక్క దెబ్బే. వేలెడు ముక్క గోనె చీల్చుకుని బయటికొచ్చి, మనవరాలి పీటకు జానెడు దూరంలో మట్టిలో దిగబడింది. కిటికీలోంచి చూస్తున్న నేను మనవరాల్ని దగ్గరికి లాక్కున్నాను.

అప్ప తిడుతుందనుకున్నాను. ఆ ముక్కను కొంగులో మూట కట్టుకుంటూ "రెండోది" అంది. అంతే. రెండోది ఎక్కడుందో, ఎవరి ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నారో మాకు తెలియదు. ఆ చీపుళ్ళామె పేరు తెలియదు, ఊరు తెలియదు, ఫోను లేదు.

ఆ సాయంత్రం మా వరండాలోంచే కంపెనీకి ఫోను చేసింది. అవతల అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఏడు పనిదినాల్లో కొత్త కత్తి పంపుతామంది.

"కొత్తది నానడగలేదు తల్లీ. ఇలాంటివి ఇంకెన్ని ఊళ్ళకెళ్ళాయో సెప్పు. ఆళ్ళకి ఫోన్లు సేసినారా?"

కంప్లయింటు రాసుకున్నామంది ఆ అమ్మాయి. అప్ప ప్రతి సోమవారం మళ్ళీ చేసేది. కొన్నాళ్ళకు అవతల నుంచే "నర్సీపట్నం అమ్మగారా?" అని అడిగేవారు. కత్తి మార్చి పంపారు, క్షమాపణ ఉత్తరం పంపారు. అడిగిన దానికి మాత్రం జవాబు రాలేదు.

అప్పటి నుంచి సంత రోజున కొట్టు మూసేది. కొండ మీంచి వచ్చే జీపులు ఆగే చోట తువ్వాలు పరిచి, గొడుగు కర్రకు దారం కట్టి, అలాంటి కత్తి ఒకటి వేలాడదీసి కేకలు వేసేది. "ఇలాంటిది కొన్నోళ్ళు తెండి! మోగకపోతే కొత్తదిచ్చీస్తాను!"

"పాత మొగుణ్ణి తెస్తే మార్చీస్తావేటి?" అని ఒకామె నవ్వింది.

"ముందు మోగించుకోవాల కదే! మోగకపోతే నాను మాత్రం ఏటి సేసుకోను?"

అందరూ నవ్వారు. అప్పా నవ్వింది. కళ్ళు మాత్రం జీపు దిగే ముక్కుపుడకల్ని లెక్కపెడుతూనే ఉన్నాయి. నేను ఆవిడతో వెళ్ళింది రెండుసార్లే. ఎండ అన్నాను, మోకాళ్ళన్నాను. నిజానికి ఆమె ఎదురైతే, ఆ చేతికి ఏం జరిగి ఉంటుందో చూడలేనని భయం.

"నా వల్లే కదప్పా" అని ఒకసారి అడిగేశాను.

"సీలు ఇప్పకుండా ఊరుకున్నది నా సెయ్యి. నీ నోరు కాదు" అంది. ఆ తర్వాత నన్ను ఆ మాట ఎత్తనివ్వలేదు.

పోయే ముందు వారం కొట్టుకు వెళ్తే, అప్ప వీధిలో పోతున్న పనసకాయల బండి వంక చూస్తోంది. "ఆ కత్తి ఏడాదంతా సూరులో దోపుంటాది మేస్టరమ్మా. ఇప్పుడు దింపుతారు" అంది. ఆవిడ గొంతులో భయం విన్నది ఆ ఒక్కసారే.

మా మనవరాలికి ఇప్పుడు మూడున్నరేళ్ళు. పలక మీద అంకెలు దిద్దిస్తున్నాను. ఆ కళ్ళు చూసినప్పుడల్లా, కోడలి మణికట్టు పట్టుకున్న ఆ ముసలి చెయ్యి గుర్తొస్తుంది. ఇది చదివే మీకు ఒక్క మాట. ఎంత పేరున్న కత్తి కొన్నా, ఎంత గట్టి సీలున్నా, ఒకసారి దారానికి వేలాడదీసి మోగించండి. ఆ తర్వాతే పసుపు పెట్టండి.

పదకొండో రోజు కాగానే అప్ప కూతురు తాళంచెవి, దారం, తువ్వాలు నా చేతిలో పెట్టింది. మొన్న సంతకు వెళ్ళాను. ఈసారి ఎండ గురించి మాట్లాడలేదు. అప్ప కూర్చునే చోటే గొడుగు పాతి తువ్వాలు పరిచాను. కేకలు వేయడం నాకు చేతకాలేదు. బడిలో హాజరు పిలిచినట్టు పిలిచాను. పదకొండు గంటలకు ఒకామె బుట్టలోంచి కత్తి తీసింది. అదే కంపెనీ గుర్తు, అదే పిడి. ముక్కుకు మూడు పుడకలు. చేతికి ఇవ్వబోతే, తువ్వాలు మీద పెట్టమన్నాను.

"ఈ ఊళ్ళోనే కొన్నావా? సీలు పెట్టెలోనా?"

"నాకేటి తెలుసు? మా మరిది తెచ్చినాడు. ఏటమ్మా, కత్తికి ఉయ్యాలేటి?"

దారం కట్టి తాళంచెవి ఎత్తాను. ఆ కొట్టులో నిలబడినన్నాళ్ళూ ప్రతి కత్తీ మోగాలనే కోరుకున్నాను. ఆ ఒక్కటి మోగకూడదని, రెండోది అదే కావాలని మొక్కుకున్నాను.

కణంగుమని మోగింది. చాలాసేపు మోగింది. ఆమె నవ్వి, కత్తి విప్పుకుని బుట్టలో వేసుకుని జీపు వైపు వెళ్ళిపోయింది. గొడుగు కర్రకు ఖాళీ దారం ఊగుతూనే ఉంది.